కాచి వడగట్టిన నీళ్లు

"నాయనా, ఇంకొకసారి అడుగుతాండా. ఇంజన్లో నీళ్లు ఎవరు పోసినారు?"

మురళి చేతిలో ఆయిల్ చూసే కడ్డీ ఉంది. దాని కొసన నల్లగా, జిడ్డుగా ఉండవలసిన నూనె మజ్జిగలాగా తెల్లగా, నురుగు పట్టి వేలాడుతోంది. ఒక బొట్టు జారి పొద్దున వేసిన ముగ్గు మీద పడింది.

తిరుమలయ్య కొడుకు ముఖం చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిన తన తెల్లకారు బానెట్ కిందికే చూస్తున్నాడు. నిన్న సాయంత్రం జమ్మలమడుగు నుంచి వస్తూ మలుపు మధ్యలో ఆగిపోయిన కారును ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. కోయిలకుంట్ల బజారంతా చూసింది. దుకాణాల మెట్ల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడి మరీ చూశారు.

"హెడ్ గ్యాస్కెట్ పోయింటాది" అన్నాడు చివరికి. "పాతబడింది గదా. నీళ్లు ఆడి నుంచే నూనెలోకి దిగింటాయి."

"గ్యాస్కెట్ పోయింటే రేడియేటర్లో నీళ్లు తగ్గిపోవల్ల. మెకానిక్ గిడ్డయ్య ఇప్పుడే చూసిపోయినాడు. అంచుదాకా ఉండాయి నీళ్లు. పైనుంచి, ఆయిల్ పోసే మూత తీసి పోసినారు నాయనా. క్యాన్ క్యానంతా పోసినారు."

"గిడ్డయ్యకేం తెలుసు? వాడు పానా పట్టుకునేటప్పటికి నేను బండి కొని ఎన్నేండ్లయింటాదో అడుగు."

"సరేప్పా, వానికి తెల్దు. నీకు తెలుసు గదా? నువ్వే చెప్పు మరి."

తిరుమలయ్య జేబులోంచి తెల్లగుడ్డ తీశాడు. పాత పంచె చించి అంచు కుట్టించిన గుడ్డ. కొడుకు చేతిలోంచి కడ్డీ తీసుకుని తుడిచాడు. తుడిచి మళ్లీ లోపల పెట్టి తీసి చూశాడు. మళ్లీ తెల్లగానే వచ్చింది. మళ్లీ తుడిచాడు.

వంటింటి గడప దగ్గర నిలబడిన ఆయన భార్య సుందరలక్ష్మి ఆ చేతులనే చూస్తోంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ పొద్దున చూసే మొదటి దృశ్యం అదే. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కాఫీ కూడా ముట్టకుండా ఆయన బానెట్ ఎత్తుతాడు. నూనె చూస్తాడు, నీళ్లు చూస్తాడు, చక్రాలను వేలి కణుపులతో తట్టి చప్పుడు వింటాడు. కార్లు మారాయి. ఆ వరుస మారలేదు. ఊళ్లో ఎవరు పాత బండి కొన్నా ముందు తిరుమలయ్య శెట్టి చెవికి వినిపించి గానీ బయానా ఇచ్చేవాళ్లు కాదు.

"మనిషికైనా బండికైనా చప్పుడు మారిందంటే ఆపొద్దే చూసుకోవల్ల" అనేవాడు వాళ్లతో.

ఆ నీళ్లు మాత్రం ఆమె పని. ఈ ఊరి బోరునీళ్లు గిన్నెలో కాస్తే అడుగున సున్నం పేరుకుంటుంది. అవే రేడియేటర్లో పోస్తే లోపల పొరలు కట్టి ఇంజన్ ఉడికిపోతుందని, సాయంత్రాలు ఆమె చేత నీళ్లు కాయించి, చల్లార్చి, బట్టలో వడగట్టించి క్యాన్లో పోయించేవాడు. ఇప్పుడు రేడియేటర్లో పోసే రంగునీళ్ల డబ్బాలు బజార్లో దొరుకుతున్నా ఆయన నమ్మడు.

ఇంజన్ను చంపింది ఆమె కాచిన నీళ్లే.

"నిన్న ఎదురొచ్చిన లారీవాడు చూసి తిప్పుకున్నాడు గనక సరిపాయ" అన్నాడు మురళి. "మలుపులో బండి ఆగిపోయింటే దిగి పక్కకు రావల్లని గూడా తోచల్యా నీకు? స్టీరింగ్ పట్టుకుని అట్లే కూర్చున్నావంట. అమ్మను లాగి దించింది ఆ ట్రాక్టరాయన. తెలుసా?"

"బండిని నడిరోడ్డు మీద వదిలేసి దిగుతారా ఎవరన్నా?"

"ఇంక నువ్వు ఏ బండీ ముట్టద్దు. తాళంచెవి ఇయ్యి."

తిరుమలయ్య చెయ్యి చప్పున పంచె మడతలో దోపుకున్న తాళంచెవి మీదికి వెళ్లింది. పసిపిల్లవాడు పలక దాచుకున్నట్టు దాని మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాడు.

"అది నాది" అన్నాడు.

పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న మనిషి బకెట్ చప్పుడు చేయకుండా కింద పెట్టింది.

కోడలు ఉదయశ్రీ లోపలి నుంచి వచ్చింది. చేతిలో కూతురి హాల్ టికెట్, నీళ్ల సీసా ఉన్నాయి. "మీ పంచాయితీ తరువాత పెట్టుకోండి. వాసవికి నంద్యాలలో పరీక్ష ఉండాది. బస్సు వెళ్లిపాయ. దాన్ని ఎవరు తీస్కపోతారు?"

"నేను అంగడి తెరవకుంటే రైతులు షట్టర్ పీకుతారు" అన్నాడు మురళి. "వాన పడిందని తెల్లారకముందే వచ్చి విత్తనాల కోసం లైన్లో చెప్పులు పెట్టిపోయినారు."

"నాకు స్కూటీ తప్ప రాదు. మామ కారు నేర్పిస్తాడేమోనని పెండ్లయినప్పటి నుంచి చూస్తాండా. క్లచ్ అరిగిపోతాదంట నేను కాలు పెడితే." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "అయినా ఆ సీటు ఖాళీగా ఉంటే గదా? పోయిన ఎండాకాలం నుంచి చూస్తాండా, మామ యాడికి బయలుదేరినా అత్త ముందు సీట్లో సిద్ధం. ఎరువుల డిపోకు గూడా! ఈ వయసులో షికార్లు. వయసులో ఉన్నప్పుడు తిరగనిది ఇప్పుడు తిరుగుతాండారు."

మామూలు రోజయితే సుందరలక్ష్మి నవ్వేసేది. ఆ ఎగతాళిని ఆమె పోయిన ఎండాకాలం నుంచి జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది. ముసలిదానికి షికారు పిచ్చి పట్టిందని అందరూ అనుకోవాలి. అనుకున్నారు కూడా.

ఒక మధ్యాహ్నం బనగానపల్లె దారిలో, లెక్కలేనన్నిసార్లు తిరిగిన కూడలిలో, ఆయన బండి ఆపేశాడు. తరువాత రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, "ఇప్పుడు ఎటు లక్ష్మీ?" అన్నాడు. ఆమె దారి చెప్పింది. ఇంటికి వచ్చాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరువాత అడిగే అవసరం కూడా లేకుండా చేసింది. కుడికి తిరగాలంటే ఆమె కుడిచేతి గాజులు ఆయన చెవి పక్కన గలగలమనేవి, చెంగు సర్దుకున్నట్టు. ఎడమకైతే ఎడమచేత్తో తలుపు మీద తట్టేది, ఏదో ఆలోచిస్తున్నట్టు. ఆయన తిప్పేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

చప్పుడు మారిందని ఆమెకు ఆపొద్దే తెలుసు. చూసుకోలేదు. కప్పిపెట్టింది.

"నేను పోయలేదంటే పోయలేదు" అన్నాడు తిరుమలయ్య అకస్మాత్తుగా, గొంతు పెంచి. "నా బండిలో నేనే నీళ్లు పోసుకుంటానా? ఎవరో కావల్లనే చేసినారు. పొద్దున్నే ఈడ ఊడ్చేది ఎవరు? అదే. ఆ యశోదే."

గేటు దగ్గర చీపురుతో నిలబడిపోయిన యశోద చీపురు కింద పడేసింది.

"అయ్యో సామీ, నేనా? ఆ కారుకు ముందేదో ఎనకేదో, అంతవరకే నాకు తెలిసేది. ఆ రేకు ఎట్ల తెరుస్తారో గూడా తెల్దు నాకు. సూడమ్మా, మీ ఆయప్ప ఎంత మాటంటాండాడో!"

"బానెట్ తెరిచిపెట్టి నేను లోపలికి పోయినప్పుడు ఈడ ఉండేది నువ్వే గదా?"

"ఉంటా. ఊడ్చేదానికి జీతమిస్తాండారు, ఉండక యాడికి పోదును?"

"క్యాన్లో నీళ్లు మిగిలినాయని పారబోసింటావు."

"పారబోసేదైతే సెట్టు మొదట్లో పారబోస్తా గానీ ఇంజన్లో పోస్తానా? నాకేమన్నా మతి పోయిందా సామీ?"

మతి అన్న మాట వినగానే తిరుమలయ్య ముఖం పాలిపోయింది. మురళి ఆ ముఖం చూశాడు. అతని చూపులో కోపం కరిగి అంతకంటే చెడ్డదేదో రావడం సుందరలక్ష్మికి కనిపించింది. కొడుక్కి అర్థమవుతోంది. మరొక్క నిమిషం గడిస్తే మొత్తం అర్థమవుతుంది.

"నాయనా" అన్నాడు మురళి, మొదటిసారి మెల్లగా. "మొన్న నువ్వు అంగడి తాళం రెండుసార్లు..."

"యశోదను ఏమీ అనొద్దండి" అంది సుందరలక్ష్మి. "నీళ్లు నేను పోసినా."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గడప దాటి వాకిట్లోకి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. కొంగుకు తుడుచుకుంది.

"నువ్వా?" అన్నాడు మురళి.

"జమ్మలమడుగు పోయే ముందు మీ నాయన ఫోన్ మోగిందని లోపలికి పోయినాడు. బానెట్ తెరిచే ఉండె. ఆలస్యమవుతాండాదని నేనే పోసేస్తిని."

"యాడ పోసినావు?" ఆ ప్రశ్న తిరుమలయ్యది. కడ్డీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "చూపించు. ఏ మూత?"

ఆమె కారు దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్లుగా కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన పక్కన నిలబడి చూసినవన్నీ అక్కడే ఉన్నాయి. రేడియేటర్ మూత, బ్యాటరీ, బెల్టు. ఆమె వేలు తడబడలేదు. ఆయిల్ పోసే మూత మీద పెట్టింది.

"ఇది."

తిరుమలయ్య ఊపిరి వదిలాడు.

ఆ ముఖంలో కోపం రావడానికి ముందు ఒక తేలిక వచ్చింది. జ్వరం దిగిన మనిషి ముఖంలోలాగా. అది మిగతావాళ్లకు కనిపించిందో లేదో గానీ, సుందరలక్ష్మికి కనిపించింది. అంటే ఈయన రాత్రంతా నిద్రపోకుండా పక్క మీద దొర్లింది కారు కోసం కాదు. తానే పోశాడేమోనని.

తరువాత కోపం వచ్చింది.

"దానిమీద నూనె బొమ్మ ఉండాది గదే! కనపడల్యా? ఇంటర్ చదివినదానివి! ఇన్నేండ్లు నా పక్కన నిలబడి నేర్చుకునింది ఇదేనా? ప్రాణం మాదిరి చూసుకున్న బండి. అడగల్ల గదా? నోరు లేదా నీకు? ఇంటి ఆడమనిషే ఇట్ల చేస్తే బయటోళ్లను ఏమనల్ల!"

"తప్పయిపోయింది" అంది ఆమె.

"పనిమనిషిని అనిపించినావు నాచేత! రాత్రి నుంచి కొడుకు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూస్తాంటే నోరు మూసుకుని వింటాండావు!"

"నాయనా, ఇంక చాల్లే" అన్నాడు మురళి.

"నువ్వు ఊరుకోప్పా. ఏమే, వింటాండావా? ఇంక నువ్వు నా బండి ఛాయలకు రావద్దు. నా పక్క సీట్లో కూర్చోవద్దు. ఈ షికార్లు చాలు."

అది ఆమె అనుకోని దెబ్బ. తలెత్తింది. 

యశోద చీపురు ఎత్తుకుంటూ గొణిగింది. "పోసింది నువ్వయితే ఇంతసేపు నన్నెందుకు అనిపిస్తివమ్మా?" ఆమె కంట్లో నీళ్లు తిరిగాయి.

మురళి చేతులు తుడుచుకున్నాడు. చెప్పుల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. నిన్నటి నుంచి తండ్రిని అన్న మాటలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి కాబోలు, మెడ ఎర్రబడింది. క్షమించమని అడగడం ఆ ఇంట్లో మగవాళ్లకు అలవాటు లేదు. జేబులోంచి తన కారు తాళంచెవి తీశాడు.

"నాయనా, వాసవిని నువ్వే తీస్కపో. నా బండి తీస్కో. పరీక్ష అయిందాకా ఉండి తీస్కరా."

"వద్దప్పా" అంది సుందరలక్ష్మి. గొంతు గట్టిగా వచ్చింది. "వద్దు. వేరే బండి మాట్లాడు."

"మళ్లా నువ్వా?" తిరుమలయ్య ఉరిమాడు.

"రాత్రి నిద్రల్యా మీకు. అలిసిపోయి ఉండారు. నేనూ వస్తా, వెనక సీట్లో కూర్చుంటా..."

"వెనక సీటు గాదు గదా, డిక్కీలో గూడా వద్దు."

ఉదయశ్రీ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఏంది అత్తా, ఆయన ఇప్పుడిప్పుడే చల్లబడతాండాడు. వదిలెయ్. అడ్డం మాట్లాడొద్దు."

వాసవి అప్పటికే మెట్లు దిగి వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఆరకముందే జడ వేసుకుంది. తాతయ్యకు తాళంచెవి ఇవ్వడం చూసి ముఖం వెలిగింది. "తాతే రావల్ల. నాయన తోలితే గుంతలన్నీ నా తలకే తగుల్తాయి" అంటూ ముందు తలుపు తీసి కూర్చుంది.

అవ్వ సీట్లో.

తిరుమలయ్య కొడుకు కొత్తబండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలను కణుపులతో తట్టాడు. బానెట్ ఎత్తి కడ్డీ తీసి, అదే తెల్లగుడ్డతో తుడిచి చూసి, తల ఊపాడు. నడుము నిటారుగా ఉంది. నిన్నటి మనిషి కాదు. ఆ నిటారైన నడుమును చూస్తూ సుందరలక్ష్మి నిలబడింది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నడుము మళ్లీ ఎప్పటికీ లేవదు. తెరవకపోతే మనవరాలు ఆ బండిలో పోతుంది.

బండి గేటు దాటింది.

"ఎంత మనిషిని ఎన్ని మాటలంటినో" అన్నాడు మురళి తనలో తాను. తరువాత తల్లితో, "నువ్వన్నా నిన్ననే చెప్పుండకూడదా అమ్మా?"

ఆమె వినలేదు. వీధి చివర వరకూ బండి సాఫీగా పోయింది. వీధి రోడ్డును కలిసే చోట ఆగింది. ఎడమకు నంద్యాల. కుడికి జమ్మలమడుగు. ఆ కుడి మలుపులోనే ఆయన పుట్టి పెరిగిన ఇల్లు ఉండేది.

వెనక ఎర్రదీపాలు వెలిగే ఉన్నాయి.

కుడివైపు లైటు మిణికింది. ఆగిపోయింది. ఎడమవైపుది మిణికింది. అదీ ఆగిపోయింది.

"ఎవరో అడ్డం వచ్చినట్టున్నారు" అంది ఉదయశ్రీ.

అడ్డం ఎవరూ లేరు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన వింటున్నాడు. గాజుల చప్పుడు కోసమో, తలుపు మీద తట్టే చప్పుడు కోసమో వింటున్నాడు. ఆ సంగతి ఆ ఊళ్లో ఒక్క మనిషికే తెలుసు.

సుందరలక్ష్మి పరుగెత్తింది. చెప్పులు లేవు. మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు. వెనక మురళి "అమ్మా, ఏమైంది?" అని అరవడం వినిపించింది. అవుకు వైపు నుంచి నాపరాళ్ల లారీ ఒకటి హారన్ కొడుతూ వస్తోంది.

ఆమె ఆయన పక్క కిటికీ దగ్గరికి చేరి, అద్దం అంచు మీద చెయ్యి వేసింది. ఆయాసంతో ఆ చెయ్యి వణికింది. గాజులు ఆయన కుడిచెవి పక్కన గలగలలాడాయి.

తిరుమలయ్య వెంటనే స్టీరింగ్ కుడికి తిప్పాడు.

"తాతా! నంద్యాల అటు గాదు! తాతా, లారీ!"

బండి ముందుకు దూకింది. కిటికీ అంచు సుందరలక్ష్మి వేళ్లను విదిలించుకుంది. ఆమె పడబోయి, రెండు చేతులతో తలుపు పట్టుకుని వేలాడింది. తిరుమలయ్య కాలు బ్రేకు మీద పడింది. లారీ వాళ్ల ముందు నుంచి ఎర్రదుమ్ము లేపుకుంటూ, తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

దుమ్ములో ఎవరికీ ఎవరూ కనిపించలేదు. వాసవి దగ్గుతోంది. ఏడుస్తోంది కూడా.

సుందరలక్ష్మి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపింది. తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆయన అడ్డుకోలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, నిన్న మలుపులో కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు కుడికి అంటివి గదా" అన్నాడు మెల్లగా.

మురళి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అవతలి తలుపు తెరిచి కూతుర్ని బయటికి లాగాడు. ఒళ్లంతా తడిమి చూశాడు. ఆ తరువాత తల వంచి సీటు మీదుగా తండ్రి వైపు, కిటికీ బయట నిలబడిన తల్లి వైపు చూశాడు.

"కుడికి అనేది ఏంది? అమ్మా, ఏమంటాండాడు నాయన?"

సుందరలక్ష్మి కొడుకు వైపు చూడలేదు. భర్త భుజం మీద చెయ్యి వేసింది. గాజులు చప్పుడు కాకుండా మరో చేత్తో పట్టుకుంది.

"ఏమండీ" అంది. "నీళ్లు నేను పోయలేదు."

తిరుమలయ్య చాలాసేపు ముందున్న రోడ్డు వైపే చూశాడు. దుమ్ము అణిగింది. రెండు దారులూ కనిపిస్తున్నాయి. ఆయన నెమ్మదిగా తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. పోయిన ఎండాకాలం తరువాత అదే మొదటిసారి.

"మరి ఎవరు పోసినారు లక్ష్మీ?" అన్నాడు.